గుర్రాలకు సవరం

మా వీధిలో ఒక పిన్ని బొమ్మ గుర్రాలకు కొత్త జుట్టు పెట్టేది. నరసరావుపేట మొత్తానికి ఆమెకు పోటీ లేదు. గిరాకీ కూడా దాదాపు లేదు. అసలు పని సవరాలు కట్టడం. పిల్లలు జుట్టు పీకేసిన గుర్రాలు మధ్యలో వచ్చి చేరేవి.

నైలాను పోగుల కొస పళ్ల మధ్య బిగించి దువ్వేది. కుచ్చులు కట్టి, గుర్రం మెడ మీది బెజ్జాల్లో సూదితో ఎక్కించేది. దువ్వేటప్పుడు ఏమడిగినా "ఊ" అనేదే జవాబు. దానికి అవును, కాదు, రేపు రా అని మూడు అర్థాలు. తిట్టడానికి మాత్రం కొస తీసేది.

ఆ రోజు మా అమ్మాయి గుర్రం పట్టుకెళ్లాను. లారీ మీద మాచర్ల వెళ్లిన ఆమె భర్త ముందురోజు నుంచి ఫోను ఎత్తడం లేదు. కాస్త నవ్విద్దామని, "పిన్నీ, దీనికి జడేస్తావా, కొప్పు పెడతావా?" అన్నాను.

కొస తీసింది. "ముందు నీ బట్టతలకి పెడతా, ఇటు రారా!" మళ్లీ పళ్ల మధ్య పెట్టుకుంది.

పోగులు సాపు చేయడానికి స్టవ్ మీద నీళ్లు మరుగుతున్నాయి. అప్పుడే ఆమె మరిది గుమ్మంలోకి వచ్చాడు.

"వదినా, వెల్దుర్తి కాడ లారీ తిరగబడింది. అన్న ఇక లేడు."

"ఊ," అంది పిన్ని.

అది ఏ అర్థమో నాకు తెలియలేదు. చేతిలో ఉన్న కుచ్చు చివరిదాకా దువ్వింది. దారంతో ముడేసి గుర్రం పక్కన పెట్టింది. నేనూ ఏదో ఒకటి చేయాలి కాబట్టి స్టవ్ ఆపబోయాను.

"ఉండనీరా. ఇంకాసిని నీళ్లు పొయ్," అంది. "మీ బాబాయి చన్నీళ్లు పోసుకోడు."