నా ముక్కుకు పెట్టిన పరీక్ష

బెంజ్ సర్కిల్ దగ్గర ఈ ఫ్లాటులోకి వచ్చినప్పటి నుంచీ వంట నాదే. కోడలు ఆఫీసుకు పోతుంది. సాయంత్రం వచ్చి నేను వండింది తింటూ నూనె ఎక్కువైందంటుంది. నూనె నేనెప్పుడూ ఎక్కువ వెయ్యను. గ్యాసూ అంతే. పప్పు ఒక పొంగు వచ్చిందంటే మంటను కనీ కనిపించకుండా తగ్గించేస్తాను. ఫ్యాను వెయ్యను, కిటికీ తీస్తాను.

ఆ రోజు ఆ కిటికీ గాలికే మంట ఆరిపోయింది. నేను పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని గోరుచిక్కుళ్ళకు ఈనెలు తీస్తున్నాను. కోడలు ఆ పూట తొందరగా వచ్చింది. గుమ్మంలోనే కేక పెట్టింది.

"అత్తయ్యగారూ! ఇల్లంతా గ్యాసు! మీకు వాసన రావట్లేదా అండీ?"

పరుగున వచ్చి పొయ్యి కట్టేసి తలుపులన్నీ బార్లా తీసింది. నాకు మాత్రం పప్పు వాసన కమ్మగా వస్తోంది. ఆ మాటే అన్నాను.

"పప్పు ఉడకడం ఎప్పుడో ఆగిపోయిందండీ. ఏ పప్పు వాసన?"

"ఒక్కరోజు వండి చూడు, ఏ పప్పో తెలుస్తుంది."

"ఇక నేనే వండుతాలెండి. మీరు పొయ్యి ముట్టుకోకండి."

ముట్టుకోవద్దని నాతో అంది! చల్లపల్లిలో ఐదో తరగతితో నన్ను బడి మాన్పించింది పొయ్యి దగ్గర కూర్చోబెట్టడానికే. అప్పటి నుంచీ నాది అని నేను చెప్పుకున్నది అదొక్కటే. అదీ పోతే ఈ ఇంట్లో నేను టీవీ పక్కన ఇంకో కుర్చీని.

మనవరాలు కాలేజీలో సైకాలజీ చదువుతోంది. అప్పుడే కాలేజీ నుంచి వస్తూ మా అరుపులు వింది.

"ఎందుకీ గొడవ? టెస్ట్ పెడదాం నానమ్మా. కళ్ళు కట్టేస్తా, వాసన చూసి చెప్పు."

"నెగ్గితే పొయ్యి నాది. మీ అమ్మ మళ్ళీ ఈ ఊసెత్తకూడదు."

"సరేనండీ" అంది కోడలు, నేను ఓడిపోతానని రాసిపెట్టి ఉన్నట్టు.

నా తువ్వాలుతోనే నా కళ్ళు కట్టింది ఆ పిల్ల. ముక్కు దగ్గర ఏదో పెట్టానంది. నాకేమీ రాలేదు. "ఏమీ పెట్టకుండా నాటకాలా?" అన్నాను. కర్పూరమట. రెండోది పెట్టింది. గాలి, అన్నాను. కాఫీ పొడట. మూడోసారి ఇంగువ డబ్బా మూత కిర్రుమంది. మా ఇంట్లో అలా కిర్రుమనే మూత అదొక్కటే. వెంటనే ఘాటు ముక్కుకు తగిలింది, కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

"ఇంగువ! అయిందా? ఇక విప్పండి."

తువ్వాలు నేనే లాగేశాను. నా ముక్కు కింద ఉన్నది ఖాళీ గ్లాసు. ఇంగువ డబ్బా అవతల డైనింగ్ టేబుల్ చివర ఉంది, మూత పెట్టేసి.

"కావాలనే చేశాను నానమ్మా. మూత చప్పుడు విన్నావు కదా. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వెనకే ఇంగువ వాసన వచ్చేది. చెవి కబురందించగానే మెదడు వాసన తయారుచేసేసింది. పప్పూ అంతే, గిన్నె కళ్ళ ముందు ఉందిగా. కంటికీ చెవికీ అందినవి కొన్నే, మిగతాది మెదడు కలిపేసుకుంటుంది. అందరికీ అంతే."

"అందరికీ అయితే మీ అమ్మ కళ్ళకూ కట్టు."

కట్టింది. చప్పుడు లేకుండా కర్పూరం పెట్టింది. "కర్పూరం" అంది కోడలు, తడుముకోకుండా. ఆ తడుముకోకపోవడమే నాకు ఒళ్ళు మండించింది.

"వానాకాలంలో జ్వరం వచ్చింది కదండీ, అప్పుడు వాసన పోయి ఉంటుంది. డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నాకు జబ్బులు అంటగట్టకు" అని లేచిపోయాను.

వాళ్ళు గదుల్లోకి వెళ్ళాక ఇంగువ డబ్బా తీశాను. మూత కిర్రుమంది. ఏమీ రాలేదు. మధ్యాహ్నం పోపు పెట్టినప్పుడు వచ్చింది, అబద్ధమో నిజమో వచ్చింది. ఆ పిల్ల తన చదువంతా విప్పి చెప్పింది, ఆ వాసనా పోయింది. నా మనవరాలే అయినా ఈ పని మాత్రం నేను మర్చిపోను.

మర్నాడు పొద్దున కోడలు ఆఫీసుకు తయారై, చెప్పులతోనే వంటింట్లోకొచ్చి సిలిండరు కట్టేయడానికి వంగింది.

"వంటింట్లోకి చెప్పులేంటి? తప్పుకో."

నేనే వంగి రెగ్యులేటరు కట్టేశాను.

"నా పొయ్యి ఆపడం నాకు వచ్చు. నువ్వు ఇంట్లో ఉన్నప్పుడే వెలిగిస్తాను. వండేది మాత్రం నేనే. నువ్వు గుమ్మంలో నిలబడి వాసన చూడు."

"వంట అయ్యేదాకా నిలబడాలా అండీ?"

"ముక్కు ఉన్నదానివి నువ్వే కదా. నిలబడు."

నిలబడుతోంది. పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందూ, సాయంత్రం వచ్చాకా, చేతిలో ఫోను పట్టుకుని, మొహం గంటు పెట్టుకుని. నేను దాని వైపు తిరగను.

"వస్తోందా?" అంటాను.

"లేదండీ" అంటుంది.

పొయ్యి దగ్గర మా ఇద్దరి మధ్యా మాటలు అంతే.