ఖారూన్ ఇసకలో అద్దం పెంకు

మా ఇళ్ల లైనులో ఏ తెలుగువాళ్లింట్లో దేవుడి పటం కనిపించినా అది నూకరాజు మావయ్య కట్టిందే. చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి 1958లో రాయ్‌పూర్ వచ్చి, రైల్వే క్యారేజీ షెడ్డులో ఖలాసీగా చేరి, ముప్ఫై రెండేళ్లు చేసి రిటైరయ్యాడు. క్యాలెండరులోంచి చింపిన బొమ్మ ఇస్తే చాలు, ఆదివారం పూట చెక్క కోసి, అద్దం బిగించి, పటం చేసి ఇచ్చేవాడు. వెనక అట్టకి మూలకి మూడేసి మేకులు కొట్టడం ఆయన పద్ధతి. "ఒకటి చాలదా మావయ్యా?" అంటే కసురుకునేవాడు.

"ఊడిపడితే జిమ్మేదారీ ఎవులిది? నీదా, నాదా?"

బాధ్యత ఎవరిదని అడగడం ఆయనకి ఊతపదం. కొళాయి కారినా, వీధి దీపం వెలగకపోయినా "జిమ్మేదారీ ఎవులిది?" అంటూ బయల్దేరేవాడు. మేం వెనక నవ్వుకునేవాళ్లం. కానీ కొళాయి బాగయ్యేది ఆయన వల్లే.

ఆయన భార్య దాలమ్మత్తకి షుగరు. పాదాలకి స్పర్శ పోయింది. చిన్న దెబ్బ తగిలినా కాలు దక్కదు, రోజూ అరికాళ్లు చూసుకోమని డాక్టరు చెప్పాడు. ఆవిడ వింటేగా! కార్తీక సోమవారం వస్తే ఖారూన్ నదిలో మునగాల్సిందే. మావయ్య తెల్లారకుండా సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. రేవు మెట్లు దిగాక ఇసకలో ఇరవై అడుగులు నడవాలి. చెప్పులు వేసుకోమంటే, "గంగమ్మ కాడికి సెప్పులేసుకుని ఎల్తారేటి?" అనేది.

1993 కార్తీకంలో రెండో సోమవారం అలాగే వెళ్లొచ్చింది. నాకు ప్రసాదం ఇద్దామని మా ఇంట్లోకి వస్తుంటే, వెనకే గచ్చు మీద ఎర్రటి అడుగులు. "అత్తా, పారాణి పెట్టుకున్నావా?" అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. కుడి అరికాల్లో గోరంత అద్దం పెంకు దిగి ఉంది. నేను లాగుతుంటే కూడా ఆవిడకి తెలియలేదు.

డాక్టరు కట్టు కట్టి, పుండు నలుపెక్కితే కాలు తీసేయాల్సి వస్తుందన్నాడు. అది విన్న మావయ్య మర్నాడే నన్ను వెంటబెట్టుకుని రేవుకి వెళ్లాడు. హిందీలో అర్జీ రాయడం నాకొచ్చు కదా.

ఇసకంతా కొబ్బరి పీచు, పూలు మూటగట్టిన పాలిథిన్ సంచులు. ఒక పక్క గుట్టగా పాత దేవుడి పటాలు. పగిలిన దేవుడు ఇంట్లో ఉండకూడదు, చెత్తకుప్పలో వేయకూడదు, నదికి ఇచ్చేయాలి. అదీ అందరి నమ్మకం. నది తగ్గితే పటాలు ఇసక మీద ఉండిపోతాయి. ఒకదాని మీద ఒకటి పడి అద్దాలు పగులుతాయి.

మెట్లు ఊడ్చే ముసలాయన్ని, ఇవి తియ్యవేమని అడిగాడు మావయ్య. అతను రెండు చేతులూ జోడించాడు. "భగవాన్‌లా ఝాడూ నఇ లగావన్, బబా." దేవుడికి చీపురు తగిలించం అని. పూజలు చేయించే పంతులు, భక్తితో తెచ్చినవాళ్లని ఎలా వద్దంటానన్నాడు. చివరికి మునిసిపల్ ఆఫీసుకి వెళ్తే, గుమాస్తా నా అర్జీ శ్రద్ధగా చదివి, మెట్ల దాకా మాది, ఇసక మాది కాదు, అవతలి ఒడ్డు దుర్గ్ జిల్లాది అని చెప్పాడు. అందరూ మర్యాదగానే మాట్లాడారు. నాకు ఒళ్లు మండిపోయింది. మర్యాదతో పుండు మానుతుందా?

"ఎవులూ తియ్యకపోతే నానే తీస్తాను," అని మావయ్య మర్నాడు గోనె పట్టుకొచ్చాడు. నేను గోనె మూతి తెరిచి పట్టుకున్నాను. మొదటి పటం ఎత్తి వెనక్కి తిప్పాడు. మూలకి మూడేసి మేకులు. రెండోది తిప్పాడు. మూడేసి మేకులు. మూడోది ఆయనింటి సింహాచలం అప్పన్న. దాని పక్కనే మా లక్ష్మీదేవి, అద్దం సగం లేకుండా.

ఆ ఏడు దసరాకి ఇళ్లు దులిపినప్పుడు లైనులో అందరం పగిలిన పటాలు ఆయనకే ఇచ్చాం. సైకిలుంది, బాధ్యత గల మనిషి. రెండు సార్లు తిరిగి, అన్నీ తెచ్చి, ఇక్కడే నీళ్లలో పెట్టి, దండం పెట్టుకుని వచ్చాడు.

మావయ్య ఇసకలో కూలబడ్డాడు. పెంకు ఏ పటందో ఎవరు చెప్పగలరు? మాది కాదని మాత్రం చెప్పలేం.

మూడో వారానికి కాలు నల్లబడింది. మోకాలి కింద నుంచి తీసేశారు. ఆస్పత్రి మంచం మీద దాలమ్మత్త మొగుడి చెయ్యి పట్టుకుని, "ఎవులో తెలీక పడేసుంటారు. ఆళ్లని తిట్టకు, పాపం," అంది. మావయ్య నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను.

ఆ తర్వాత ఆయన మళ్లీ పటం కట్టలేదు. "జిమ్మేదారీ ఎవులిది?" అన్న మాటా మళ్లీ వినలేదు. మా కొళాయి నెల్లాళ్లు కారింది.

మరుసటి దసరాకి వాళ్లింట్లో సత్యనారాయణస్వామి పటం అద్దం బీటలిచ్చింది. నదికి ఇచ్చి రమ్మంది దాలమ్మత్త. ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి, సంచీలో పెట్టి, సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని పొద్దున్నే వెళ్లాడు. సాయంత్రం వచ్చాడు. సంచీ హ్యాండిలుకి అలాగే ఉంది.

"గంగలో కలిపీసినావా?" అని లోపల్నుంచి ఆవిడ అడగడం వినిపించింది.

"ఊఁ," అన్నాడు. అని, చప్పుడు చేయకుండా సంచీ తీసుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"సుభద్రమ్మా, ఇంట్లో ఉంచకూడదు, కుప్పలో ఎయ్యకూడదు. నది కాడ పెట్టడానికి సెయ్యి రాలేదు. మరెక్కడ పెట్టీమంటావు?"

"అద్దం విప్పేసి, బొమ్మ ఒక్కటీ నీళ్లలో వదిలేద్దాం మావయ్యా."

"పదేళ్లు బొట్టెట్టిన అద్దం, తల్లీ. దాన్నెక్కడెయ్యను?"

సంచీ అందుకుని మా అటక మీద పెట్టాను. అక్కడ అప్పటికే మావి రెండు పగిలిన పటాలున్నాయి.