బాపుకు పడ్డ చావు కల

మా బాపు తన చావును తానే కలగన్నాడు. ఆ సంగతి పొద్దున్నే చాయ్ తాగుతూ, పక్కింటి పెళ్ళి కబురు చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"రాత్రి నేను సచ్చిపోయినట్టు కల పడ్డది. వాకిట్ల పండవెట్టిండ్రు. మీ అవ్వ నోరు తెరిచి ఏడుస్తున్నది, నువ్వు నన్ను పిలుస్తున్నవ్. ఒక్కటి ఇనొస్తలేదు. లోపట మగ్గం గూడ నడుస్తున్నది. సప్పుడే లేదు."

మరాఠీ మాట్లాడే ఊళ్ళో, నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో మాది రెండు మగ్గాల ఇల్లు. ముందు గదిలో పవర్‌లూమ్‌లు, వెనక గదిలో మేము. బాపు తువ్వాళ్ళు నేస్తాడు, అవ్వ, అంటే మా అమ్మ, బీడీలు చుడుతుంది, నేను తువ్వాళ్ళ అంచులు కుడతాను.

అవ్వ చేతిలోని బీడీ ఆకు పక్కన పెట్టి దండం పెట్టుకుంది. "కలల సచ్చినోనికి ఆయుష్షు పెరుగుతది. చాంగ్లీ కల, మంచిదే," అని ఆ రోజు రవ్వతో తీపి శిరా కూడా వండింది. పక్కింటి అత్త, కలలో చావు కనబడితే ఇంట్లో పెళ్ళి జరుగుతుందని చెప్పి నా వైపు చూసింది. నేను కాలేజీ చదివినదాన్ని కదా, ఊరుకుంటానా? ఎవరి చావు వారికే కలలో కనబడితే జీవితంలో ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందని అర్థమట అని, ఫోన్‌లో వెతికి చదివి వినిపించాను. "చదవేస్తే ఉన్న మతి పోయిందట," అంది అవ్వ. బాపు మా ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసి నవ్వాడు. వింటున్నాడనే అనుకున్నాం.

తర్వాత కూడా ఆ కల వచ్చింది. రెండోసారి చెప్పినప్పుడు, "ఇంకో ఇరవై ఏండ్లు పెరిగినయ్ పో, బాపు," అని ఆటపట్టించాను. మూడోసారి ఎవరూ పట్టించుకోలేదు. చెప్పిన ప్రతిసారీ ఆయన ఆగింది చావు దగ్గర కాదు, చప్పుడు లేదన్న మాట దగ్గర. మేమేమో చావుకు అర్థాలు వెతుక్కుంటూ ఆ మాట వదిలేశాం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మగ్గాల ఇళ్ళలో మాటలు చెవితో వినేవి కావు. ఆ మోతలో ఎంత అరిచినా పక్క మనిషికి చేరదు. అందుకే పెదాలు చూసి మాట పట్టుకుంటాం, మిగిలింది చేతులతో చెబుతాం. మా పేట పిల్లలకు నడకతో పాటే ఈ విద్య వస్తుంది. బాపు అందులో ఆరితేరినవాడు. వీధి అవతల ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో మగ్గం దగ్గర నిలబడి చెప్పేసేవాడు, మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఎదురుగా నిలబడి మాట్లాడితే ఆయన జవాబు ఎప్పుడూ తప్పలేదు. వెనక నుంచి పిలిచినప్పుడు పలకకపోతే, పనిలో పడ్డాడనుకునేవాళ్ళం. "చెవిటోని ముందర శంఖమూదినట్టున్నది ఈ మనిషితోని," అని అవ్వ విసుక్కునేది.

ఒక సెలవు రోజు, మగ్గాలన్నీ ఆగి పేట చప్పుడు లేకుండా ఉన్న మధ్యాహ్నం, బాపు నాకు వీపు పెట్టి కూర్చుని మగ్గానికి నూనె పెడుతున్నాడు. చాయ్ తెచ్చి పిలిచాను. పలకలేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. ఇంతలో నా చేతిలోని స్టీలు పళ్ళెం జారి బండల మీద పడింది. వెనక గదిలో ఉన్న అవ్వ ఉలిక్కిపడి అరిచింది. బాపు తల కూడా తిప్పలేదు. ఆయన కల అప్పుడు అర్థమైంది నాకు.

అశోక్ చౌక్ దగ్గర ఒక చెవుల డాక్టరుకు చూపించాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. మోతకు చెవి లోపలి నరాలు దెబ్బతిన్నాయని, పోయింది తిరిగి రాదని, మిషన్ పెట్టినా ఏదో గరగర తప్ప మాట తెలియదని ఆయన మరాఠీలో నెమ్మదిగా చెప్పాడు. బాపు ఆయన పెదాలనే చూస్తున్నాడు కాబట్టి, దాచడానికి మాకేమీ మిగల్లేదు. "మాగ్ చాలవూ కా?" అని మాత్రం అడిగాడు, మగ్గం నడపొచ్చా అని. మోతలో చిన్న తేడా వస్తే చాలు, చూడకుండానే ఎక్కడ ఏం తప్పిందో చెప్పగల నేతగాడు మా బాపు. ఆ నేర్పు ఇక ఆయనకు లేదు. తిరిగి తెచ్చివ్వడం నా వల్ల కాదు.

ఇంటికొచ్చాక అవ్వ బీడీల చాట ముందు కూర్చుంది గాని ఒక్క బీడీ కూడా చుట్టలేదు. "శిరా వండి తినవెట్టిన గద నేను," అని ఏడ్చింది.

నేను బాపుకు ఎదురుగా కూర్చుని, పెదాలు బాగా కదుపుతూ, "ముందుగాల్నే ఎందుకు చెప్పలే, బాపు?" అని అడిగాను.

"చెప్పిన గద బిడ్డా," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. "ఇనొస్తలేదంటే మగ్గం బంద్ చెయ్యుమంటరని భయమాయె. కల నిజంగనే పడ్డది. అండ్లనే పెట్టి చెప్పిన."

నాకు తప్పయిందని చెప్పాలనిపించింది. నోరు తెరిచాను. ఏడుపుకు పెదాలు వణికి వంకరపోయాయి, మాటకు ఆకారం రాలేదు. బాపు కళ్ళు చికిలించి నా నోటి వంకే చూస్తూ, "ఏమన్నవ్ బిడ్డా? మల్ల ఒకసారి అను," అన్నాడు.