గాలికి రాలిన కాయలు

తిరువాలంగాడు పక్క మామిడి తోపుల్లో ఆ రోజుల్లో ఒక కట్టుబాటు ఉండేది. కొమ్మ మీది కాయ తోటాయనది, గాలికి రాలి నేల తాకిన కాయ ఏరుకున్నవాళ్ళది. మా ఊరగాయ జాడీ ఏటా ఆ రాలిన కాయలతోనే నిండేది. కాయలు అడగడమంటే మా అమ్మకు నామోషీ. అయితే దెబ్బ తగిలిన కాయ జాడీనంతా చెడగొడుతుంది. అందుకని చెట్టు కింద ఎండుటాకులు మెత్తగా పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకొని గాలి కోసం ఎదురుచూసేది. మామిడి జీడి వాసనకు, ఆకుల సందున మినుకుమనే ఎండకు నాకు కళ్ళు మూతలు పడేవి.

ఒక మధ్యాహ్నం తోటాయన వచ్చి ఆ ఆకులను చూశాడు.

"ఏమక్కా, నా కాయలకు పరుపేస్తా ఉండావా?"

"ఆకు మింద పడినా నేల మింద పడినట్టే అన్నా," అంది అమ్మ, తల ఎత్తకుండా.

ఆయన కిందికి వంగిన కొమ్మకు వీపు ఆనించి, దురద పుట్టినవాడిలా గట్టిగా రుద్దుకొని తన దారిన వెళ్ళిపోయాడు. ఎండుటాకుల మీద కాయలు మెత్తగా, కలలో పడ్డట్టు పడ్డాయి. పైన ఒక్క ఆకూ కదలడం లేదు.

"గాలి యాడుందిమా?" అన్నాను.

అమ్మ ఆయన వీపు వైపు చూసింది.

"అదో, పోతా ఉంది చూడు."