అక్క కుక్కర్ బన్ను

ఈ సాయంత్రం పక్క పోర్షన్‌లో కొత్తగా దిగిన అమ్మాయి తలుపు తట్టి, ఓవెన్ లేకుండా ఇంట్లో బన్ను చేసుకోవచ్చా అక్కా అని అడిగింది. చదువు ముగించి ఈ మధ్యనే ఉద్యోగంలో చేరిన పిల్ల, హాస్టల్ తిండికి విసిగి ఒంటరిగా గది తీసుకున్నట్టుంది. కుక్కర్ ఉంటే చాలని చెప్పడం మొదలుపెట్టాను. మూత రబ్బరు తీసెయ్యాలి, విజిల్ పెట్టకూడదు, నీళ్లు చుక్క కూడా పోయకుండా అడుగున రాళ్లుప్పు పరచి, దాని మీద చిన్న స్టాండు పెట్టి, మూత వేసి సన్నటి మంట మీద ముందు కుక్కర్‌ను బాగా వేడెక్కనివ్వాలి, అప్పుడు గానీ బన్నుల గిన్నె లోపల పెట్టకూడదు అని చెబుతూ చెబుతూ, ఈ మాటల వరసంతా మా అక్కదని స్ఫురించి మధ్యలోనే ఆపేశాను. మిగతాది రేపు చెబుతానని ఆ పిల్లను పంపేశాను. ఇప్పుడు పాప నిద్రపోయింది. దోమతెర అంచులు పరుపు కింద దోపి, నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, మళ్లీ ఒకసారి చూసి, వచ్చి కూర్చుని ఇది రాస్తున్నాను.

పాప మా అక్క కూతురు. అక్క పోయినప్పటి నుంచి నా దగ్గరే పెరుగుతోంది. బావ బెంగళూరు అవతల ఆనేకల్ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టుల ఉద్యోగం చేస్తూ శనివారం శనివారం వచ్చి కూతురిని చూసి పోతుంటాడు. నాకూ మా ఆయనకూ ఇంకా పిల్లలు లేరు. కాబట్టి తల్లితనం అంటే నాకు తెలిసినదంతా ఈ పిల్లే. తల్లి పోయినప్పుడు దానికి మాటలు అప్పుడే వస్తున్నాయి. ఫొటో చూపిస్తే అమ్మ అని వేలు పెట్టి చూపేది గానీ, ఫొటోలో ఏముంటుంది, గాజు వెనక నవ్వు తప్ప. తల్లి చేతి రుచి ఒక్కటైనా పిల్ల నాలుక మీద నిలబెట్టాలని అప్పట్లో నేను పట్టుబట్టాను. నేను చేయగలిగింది అదొక్కటే అనిపించింది.

మన వయసు వాళ్లలో హిందూపురం, మడకశిర వైపు నుంచి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఇళ్లలో బ్రెడ్డు అనేది తిండి కాదు, మందు. జ్వరం వస్తేనే అంగడి నుంచి బ్రెడ్డు పొట్లం వచ్చేది. పాలలో ముంచి ఆ మెత్తటి ముక్కలు నోట్లో పెట్టేవారు. ఒంట్లో బాగున్న పిల్లలు గడపలో నిలబడి జ్వరం వచ్చిన వాళ్ల వంక అసూయగా చూసేవాళ్లు. వీధిలో ఎవరైనా బ్రెడ్డు పట్టుకుని నడుస్తుంటే, ఇంట్లో ఎవరికి బాగాలేదని దారిలో పదిమంది అడిగేవారు. అందుకే అక్క బెంగళూరు వచ్చి సొంతంగా బన్నులు కాల్చడం మొదలుపెట్టిందని తెలిసినప్పుడు మా అమ్మ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "ఎవురికే జరమొచ్చింది?" అని. అక్క పగలబడి నవ్వి, "జరం కాదుమా, ఆకలి" అంది.

అక్క నాకంటే ముందు వచ్చింది. డిగ్రీ అయిపోగానే మడివాళలో ఒక పీజీలో చేరి, అక్కడి సాంబారు రుచికి తట్టుకోలేక, మార్కెట్ వెనక సందులో ఒక మేడ మీది గది వెతుక్కుంది. తర్వాత నేనూ వచ్చి ఆ గదిలోనే చేరాను. కింద పూల బుట్టలు దించే కేకలతో తెల్లవారేది. సందు మొదట్లో ఒక బేకరీ ఉండేది, సాయంత్రం ఖారా బన్నులు పొయ్యి లోంచి తీసే వేళకు ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర మగ్గిన వాసన మా మెట్ల దాకా ఎక్కి వచ్చేది. అక్కకు ఆ వాసన అంటే పిచ్చి. కొనుక్కుని తిని ఊరుకునే మనిషి కాదు, దాన్ని ఇంట్లో పుట్టించాలి. బేకరీ అతని దగ్గర నిలబడి కన్నడంలో కబుర్లు చెబుతూ అడగవలసినవన్నీ అడిగి, ఈస్ట్ సంపాదించుకుని వచ్చింది. గోరువెచ్చని పాలలో చక్కెర, ఈస్ట్ కలిపి నురుగు వచ్చేదాకా ఆగి, మైదాలో పోసి, కాస్త ఉప్పు, కాస్త వెన్న వేసి, బండ మీద ఆ ముద్దను కొట్టి కొట్టి పిసికేది. ముద్ద చేతికి అంటుకుంటోందని నేను పిండి చల్లబోతే నా చెయ్యి పక్కకు తోసేసేది. అంటుకుంటే అంటుకోనీ, పిసకగా పిసకగా అదే వదులుతుంది, పిండి కలిపావంటే బన్ను రాయి అవుతుంది అనేది. అప్పటి నుంచి ఇప్పటి దాకా నేను ఆ మాట తప్పలేదు.

చలికాలం ఈ ఊళ్లో పిండి పొంగదు. మొదటి డిసెంబరులో ఆదివారం పొద్దున కలిపిన ముద్ద మధ్యాహ్నమైనా కదలకుండా కూర్చుంటే, అక్క ఆలోచించి ఆలోచించి, నాన్న నాకోసం పంపిన ఉన్ని కుల్లాయిని ఆ గిన్నెకు తొడిగి, రగ్గులో చుట్టి, తన పక్కలో పెట్టుకుని పడుకుంది. ఆ సంగతి అమ్మకు చెబితే, "పిండికి కుల్లాయి పెట్టినావా? రేపు నీకు బిడ్డ పుడితే దానికేం తొడుగుతావే తల్లీ" అంది. అక్క, "దీని కుల్లాయే దానికీ" అంది. ఆ రోజు బన్నులు కుక్కర్‌లో అడుగున నల్లబడి పైన తెల్లగా పాలిపోయి వచ్చాయి. పైన మంట తగలదు కదా, అది కుక్కర్ స్వభావం. అక్క వాటిని పెనం మీద బోర్లించి కాసేపు కాల్చి, పైన కాస్త వెన్న రాసి నా చేతిలో పెట్టింది. వేడికి వేళ్లు మార్చుకుంటూ మేడ మీద ఎండలో నిలబడి తిన్న ఆ బన్ను గురించి ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

తర్వాత అక్కకు పెళ్లయింది, ఆనేకల్ వెళ్లింది, పాప పుట్టింది. ఉద్యోగం మానలేదు. బన్నులూ మానలేదు. నేను ఎప్పుడైనా సాయంత్రం వెళితే కుక్కర్ పొయ్యి మీదే ఉండేది. పాప దాని కింద నేల మీద కూర్చుని మూత వైపు చూస్తూ ఉండేది. పళ్లు రాకముందే ఆ మాడిన అడుగు ముక్కను చిగుళ్లతో నమిలేది. అక్కడి బన్నుల రుచి మడివాళ రోజుల రుచి కాదు, అందులో ఏదో పులుపు ఉండేది, వాసన కూడా వేరు. ఏం కలుపుతున్నావని అడగాలని నాకు తోచనే లేదు. అడగడానికి కావలసినంత కాలం ముందుందని అనుకుంటాం కదా.

ఆ వానాకాలం అక్కకు డెంగీ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద నన్ను చూసి, "ఇప్పుడు నిజంగానే జరమొచ్చిందే, బ్రెడ్డు తేపో" అని నవ్వింది. నేను అంగట్లో కొని పాలలో ముంచి పెట్టాను. రెండు ముక్కలు తిని, ఉప్పు లేదు దీంట్లో అంది. నాతో మాట్లాడిన చివరి మాట అదే. అంతకంటే పెద్ద మాట ఏదైనా మిగిలి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను, కానీ అక్క అట్లాంటి మనిషి కాదు.

పాపను ఇంటికి తెచ్చుకున్నాక అన్నం ముద్ద తినేది, పాలు తాగేది, సాయంత్రమయ్యేసరికి మాత్రం వంటింట్లో నేల మీద కూర్చుని బన్ను అడిగేది. బేకరీ బన్ను తెచ్చి పెడితే కొరికి కింద పెట్టేసేది. నేను ఓవెన్ కొన్నాను, వీడియోలు చూశాను, పిండిని గ్రాముల లెక్కన తూచాను, అన్ని వైపులా సమానంగా ఎర్రబడిన, దూదిలాంటి బన్నులు చేశాను. పాప వాసన చూసి, "అమ్మ బన్ను కాదు ఇది" అని పళ్లెం తోసేసి ఏడ్చేది. ఏడ్చి ఏడ్చి నా భుజం మీదే నిద్రపోయేది. ఆ పులుపు పెరుగుదేమో అని పెరుగు కలిపాను. మజ్జిగ పోశాను. నిమ్మకాయ కూడా పిండాను. బావను అడిగితే, "నాకేం తెలుసమ్మా, తినేది తప్ప" అని తల వంచుకున్నాడు. అక్క ఇంట్లో వంటసామాను సర్దేటప్పుడు ఆ కుక్కర్‌ను నాకు ఇచ్చింది కూడా ఆయనే. దాన్ని అటక మీద పెట్టాను, చూడలేక.

నెలలు గడిచి ఏళ్లయ్యాయి. పాప బడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నేను పులుపు కోసం వెతుకుతూ చేసిన బన్నులను అది కొంచెం కొంచెంగా తినడం మొదలుపెట్టింది. తింటోందంటే దగ్గరికి వస్తున్నాననుకున్నాను, ఇంకొక్క మెట్టు, అంతే అనుకున్నాను.

పోయిన నెల ఒక శనివారం పొద్దున పిండి కలిపి గిన్నె మూత పెట్టి, పాపను మా ఆయనకు అప్పజెప్పి ఆఫీసుకు వెళ్లాను. మధ్యాహ్నానికల్లా రావలసినదాన్ని, వాన పట్టుకుని సిల్క్ బోర్డు కూడలి దగ్గర బండ్లన్నీ నిలిచిపోయి, చీకటి పడే వేళకు ఇల్లు చేరాను. వంటింట్లోకి అడుగు పెట్టగానే నిలబడిపోయాను. పిండి పొంగి, మూతను ఎత్తేసి, గట్టు మీదికి జారి, మళ్లీ కుంగి ఉంది. ఇల్లంతా ఆనేకల్ ఇంటి వాసన.

అప్పుడు అర్థమైంది. అక్క ఏమీ కలపలేదు. తెల్లవారుజామున పిండి పిసికి, పాపను ఆయాకు అప్పజెప్పి, బస్సెక్కి ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం వచ్చి కాల్చేది. పిండి పొద్దంతా అక్కకోసం ఎదురుచూసి ఎదురుచూసి పుల్లబడేది. ఆ రుచి తీరిక లేనితనం నుంచి వచ్చింది. ఆదివారం పూట తీరిగ్గా బన్నులు చేసుకున్న మడివాళ రోజులు తప్ప నాకు వేరే తెలియదు కాబట్టి, గంటలు చూసి, వేళకు పొంగగానే కాల్చేసే నాకు అది ఎన్నటికీ అందలేదు.

అటక మీది కుక్కర్ దించాను. రాళ్లుప్పు పరిచాను. కుంగిన పిండిని మళ్లీ ఉండలు చేసి కాసేపు ఊరనిచ్చి, కుక్కర్‌లో కాల్చి, పెనం మీద బోర్లించాను. అడుగు నల్లబడింది. బావ వచ్చి కాళ్లు కడుక్కుని పాప పక్కన కూర్చున్నాడు. ఇద్దరి పళ్లేల్లో ఒక్కొక్కటి పెట్టాను.

బావ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశాడు. కుక్కర్ వైపు చూశాడు. "ఎట్ల చేస్తివి?" అన్నాడు.

పాప కొరికింది. ముఖం ముడిచింది. నోట్లోది చేతిలోకి తీసి పళ్లెం అంచున పెట్టి, తల అడ్డంగా ఊపింది.

"నాకు బేడ, వద్దు పిన్నీ. పుల్లగుండాది. నువ్వు చేసే బన్ను లేదా?"

"అమ్మ చేసే బన్ను ఇదే కదమ్మా, నీకు శానా ఇష్టం" అన్నాడు బావ, మెల్లగా.

పాప తండ్రి ముఖంలోకి చూసింది. అబద్ధం చెబుతున్నాడేమో అన్నట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని. "అమ్మ ఇట్ల పుల్లగా చేస్తుండెనా?" అని అడిగింది, ఎవరో పక్కింటి ఆవిడ వంట గురించి అడిగినట్టు. బావ లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. నేను పాపకు పాలలో అటుకులు కలిపి పెట్టాను. శుభ్రంగా తినేసింది. ఆ రెండు బన్నులూ, మిగిలిన వాటిలో కొన్నీ బావ డబ్బాలో పెట్టించుకుని వెళ్లాడు. మిగతావి నేను తిన్నాను.

ఇప్పుడు ఆ పులుపు నాకూ బావకూ, ఇద్దరికే తెలుసు. బావకు సంబంధాలు చూస్తున్నారు. చిన్నవాడు, చూడడమే న్యాయం. రేపు ఆ ఇంట్లో వేరే చేతి వంట ఉంటుంది, ఆయన నాలుక కూడా దానికి అలవాటు పడుతుంది, పడాలి కూడా. అడుగడుగునా బేకరీ ఉన్న ఈ ఊళ్లో బన్ను ఒక పెద్ద విషయం కాదు. ఫోన్‌లో నొక్కితే గుమ్మం దగ్గరికి వస్తుంది, అన్నీ ఒకే రంగులో, ఒకే మెత్తదనంలో. జ్వరం వస్తేనే బ్రెడ్డు అనుకున్న మా అమ్మ కూడా ఇప్పుడు పొద్దున టీలో ముంచుకుని తింటోంది. నేను శనివారాలు గంట చూసుకుని పిండి కలిపి, పుల్లబడక ముందే ఓవెన్‌లో పెడుతున్నాను. పాప వాటిని ఇష్టంగా తింటుంది, బడికి డబ్బాలో పట్టుకుపోతుంది, స్నేహితులకు మా పిన్ని బన్ను అని పంచుతుంది. అది పళ్లెం తోసేసి అమ్మ కోసం ఏడవకూడదని మొక్కుకున్నది నేనే. ఆ మొక్కు తీరింది. ఇన్ని సాయంత్రాలు నేను ఓర్పుగా, ప్రేమగా, ఒక్కొక్క ముక్కే తినిపిస్తూ వచ్చాను, అలా తినిపిస్తూనే దాని నోట్లోంచి మా అక్కను తుడిచేశాను.