సముద్రం నీళ్లు పోసిన గ్యాసు ట్యాంకు

మోకాళ్లు సహకరించక పడవ అమ్మేశాక, నాన్న డాలీగంజ్‌లో మా ఇంటికి వచ్చేశాడు. ఊరికే కూర్చోవడం ఆయన వంటికి పడదు. గేటు పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయే ఆటోలకు వంకలు పెట్టేవాడు. చేపల చెత్తతో వంటగ్యాసు పుట్టించే ట్యాంకు పెరట్లో పెట్టిద్దామని నేను అన్నప్పుడు మాత్రం కుర్చీలోంచి లేచాడు.

"సేప కుళ్లితే కంపు కదమ్మా వచ్చేది! గ్యాసొస్తాదేటి?" అని నవ్వాడు.

నవ్వాడే గానీ, పేడనీళ్లు పోసి మొదలుపెట్టిన నాటి నుంచి ట్యాంకు ఆయన సొంతమైపోయింది. పొద్దున్నే బస్సెక్కి సముద్రం ఒడ్డున ఉన్న చేపల మార్కెట్‌కు వెళ్లేవాడు. కోసి పారేసిన తలలు, పేగులు బకెట్లో తెచ్చేవాడు. కండక్టరు సణిగినా వినిపించుకునేవాడు కాదు. వాటిని ముక్కలు చేసి, నీళ్లు కలిపి ట్యాంకులో పోసేవాడు. మొదటిసారి నీలం మంట వెలిగినప్పుడు వీధిలో వాళ్లందరినీ పిలిచి చూపించాడు. నాన్న ముఖంలో అంత వెలుగు పడవ పోయాక నేను చూడలేదు.

ఎండాకాలం వచ్చింది. కొళాయి ఏ రోజు వస్తుందో తెలియదు. మంట చిన్నదవుతూ వచ్చి ఒకరోజు ఆరిపోయింది. ట్యాంకు బిగించినతన్ని పిలిపించాం.

"చాచా, ఏ నీళ్లు కలుపుతున్నారు?"

"సముద్రం నీళ్లే. మార్కెట్ నుంచొస్తా క్యాన్‌తో తెస్తన్నాను. కొళాయి నీళ్లు పిల్లల తానాలకే సాలవు. అయినా సేపకి సముద్రం నీళ్లు కాక మరేటి?" అన్నాడు నాన్న గర్వంగా.

"అరే చాచా! ఉప్పుకి లోపలున్న కీడే సబ్ మర్ గయే!"

లోపలి పురుగులన్నీ చచ్చిపోయాయన్నాడు. గ్యాసు పుట్టించే ఆ సూక్ష్మజీవులు అంత ఉప్పుకు బతకవట. పడవ మీద చేపలు కడిగినా, గిన్నెలు తోమినా సముద్రం నీళ్లే. మంచినీళ్లు తాగడానికే. జన్మంతా అలా బతికిన మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు గనక? మా స్నానాల కోసం ఆ నొప్పి మోకాళ్లతో క్యాన్ మోసుకొచ్చాడు.

"కడిగి మళ్లీ మొదలెడదాం నాన్నా" అన్నాను.

"వద్దమ్మా. నాను ముట్టుకుంటే మళ్లీ సంపేస్తాను."

ఎంత బతిమాలినా వినలేదు. గ్యాసు వెలిగిన రోజుల్లో గంటకోసారి టీ పెట్టమనేవాడు. విసుక్కుంటే, "నా గ్యాసే కదేటి!" అని దబాయించేవాడు. ఇప్పుడు సిలిండరు మీద పెట్టిన టీ ఇస్తే తాగుతాడు. అడగడు.