బాపు పళ్ల గ్లాసు

ఛత్రినాకలో మాది పాలిల్లు. వెనక కొట్టంలో బర్రెలు, ముందు రెండు గదుల్లో మేము. బాపు తెల్లవారక ముందే సైకిలుకు క్యాన్లు కట్టుకుని ఉస్మాన్‌గంజ్ హోటళ్లకు పాలు పోసి వచ్చేవాడు. బొగ్గుపొడిలో ఉప్పు కలిపి వేలితో పళ్లు కసిగా తోమడం ఆయన అలవాటు. చిగుళ్ల నుంచి రక్తం వస్తేనే నోరు శుభ్రమైందని లెక్క. ముసలితనం రాకముందే పళ్లన్నీ కదిలి ఊడిపోయాయి.

ఆ తర్వాత బాపు మనుషుల్లో కూర్చుని తినడం మానేశాడు. పాలలో నానిన రొట్టెను చిగుళ్లతో అదిమి మింగుతుంటే గడ్డం పైకి లేచి ముక్కును అందుకునేది. ఒకసారి పిల్లలెవరో నవ్వారు. ఇంకోసారి అమ్మ తమ్ముడు, మా మామ, నవ్వాడు. అప్పటి నుంచి గిన్నె పట్టుకుని కొట్టంలోకి పోయేవాడు. పండుగ పూటా అంతే. చుట్టాలు లోపల బంతిలో కూర్చుంటే, ఇంటాయన బర్రెల మధ్య పీట వేసుకునేవాడు. అమ్మ వడ్డించి వచ్చి గడపలో నిలబడేది.

నేను పత్రికలో చేరిన కొత్తలో, డెబ్బైల మొదట్లో, బలవంతంగా ఆయన్ని సర్కారు దవాఖానాకు తీసుకుపోయాను. పళ్ల సెట్టు కట్టారు. డాక్టరు ఉర్దూలో చెప్పిన జాగ్రత్తలను బాపు ఇంటికొచ్చి అమ్మకు అప్పజెప్పాడు. తిన్నాక తీసి కడగాలి. మెత్తని బ్రష్షు, ఒంటి సబ్బు చాలు. బూడిద, బొగ్గు తగలనియ్యొద్దు. రాత్రి నీళ్ల గ్లాసులో వేయాలి. తడిబట్ట వేలికి చుట్టుకుని చిగుళ్లు తుడుచుకోవాలి. ఎలాంటి నీళ్లో డాక్టరు చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు.

"సర్కారు నౌకరి పండ్లివి," అన్నాడు బాపు. "పొద్దుగాల డ్యూటీకి ఎక్కుతయి, రాత్రికి దిగుతయి."

కడిగే పని అమ్మ తీసుకుంది. ఎంగిలి వస్తువు కాబట్టి వంటగదికి దూరంగా, గోడ గూట్లో ఒక స్టీలు గ్లాసు దానికి వేరుగా పెట్టింది. ఆ ఏడు బోనాలకు బంతిలో కూర్చుంటానని బాపు తనంతట తనే అన్నాడు. అమ్మ ఆ మాట మామకు కబురు చేసి మరీ చెప్పింది.

పండుగ పొద్దున ఇల్లంతా కడిగారు. బోనం వండే ఇంట్లో ఎంగిలి ఉండకూడదు. గూట్లో పళ్లున్న గ్లాసు మాత్రం ఉంది. దాన్ని బయటపెడితే బాపు పళ్లు బయటపెట్టినట్టే. బూడిదతో తోముదామంటే డాక్టరు వద్దన్నాడు. పాలింటి ఇల్లాలికి ఇక తెలిసిన శుద్ధి ఒక్కటే. పాల గిన్నెలను తోమాక మసిలే నీళ్లు పోసి కడగకపోతే పాలు విరుగుతాయి. పుట్టిన దగ్గర్నుంచి ఆమె చేసిన పని అది. గూట్లోని గ్లాసులోంచి ఆవిరి లేవడం నేను చూశాను. నాకూ ఏమీ అనిపించలేదు.

మధ్యాహ్నం గుడి నుంచి వచ్చాక బంతి వేశారు. బాపు గోడవైపు తిరిగి పళ్లు పెట్టుకున్నాడు. బొటనవేలితో ఒత్తాడు, మళ్లీ ఒత్తాడు. తిరిగి వచ్చి మామ పక్కన కూర్చున్నాడు.

"బావా, గిప్పుడు బొక్క గూడ ఇడిసేటట్టు లేవు గదా," అన్నాడు మామ ఎముక కొరుకుతూ.

"నీ బొక్క గూడ ఇటెయ్," అన్నాడు బాపు.

అందరూ నవ్వారు. బాపు మాంసం నమిలాడు, మళ్లీ వేయించుకున్నాడు. అమ్మ గిన్నె పట్టుకుని ఆయన ముందే నిలబడింది.

అందరూ లేచాక కొట్టంలోకి పోయి చూస్తే, బాపు కుడితి తొట్టి పక్కన నోరు పుక్కిలిస్తున్నాడు. ఉమ్మిన నీళ్లు ఎర్రగా ఉన్నాయి. పళ్లు చేతిలో ఉన్నాయి, మసిలే నీళ్లకు ఒక పక్కకు వంగి. దవాఖానాకు పోదామన్నాను.

"కొత్తయి కట్టిచ్చుకుంటే పాతయి ఏమైనయని అడుగదా?" అన్నాడు. "మీ అమ్మకు చెప్పకు. పాపం, పాల గిన్నె అనుకున్నది."

వేడి నీళ్లకు రంగు పోతుందని మాత్రం ఆమెతో అన్నాడు. అమ్మ చన్నీళ్లకు మారింది. చివరిదాకా ఆ పళ్లు అట్లాగే నడిచాయి. ఇంట్లో అన్నం వేళకు పెట్టుకునేవాడు, తినగానే కొట్టంలోకి పోయి తీసేసేవాడు. ఉస్మాన్‌గంజ్‌కు పోయేటప్పుడు రుమాలులో చుట్టి జేబులో వేసుకునేవాడు. ఎడమ చిగుళ్ల మీద పుండు మానేది, మళ్లీ లేచేది. పూటపూటకూ తిండి తగ్గింది. మనిషి సగమయ్యాడు. అమ్మ సాయంత్రం సబ్బుతో పళ్లు కడిగి, వెలుతురుకు పట్టి చూసి, గ్లాసులో వేసేది.

కొన్నేళ్లకు ఒక ఎండాకాలం జ్వరం వచ్చి బాపు పోయాడు. స్నానం చేయిస్తుంటే అమ్మ గూట్లోంచి గ్లాసు తెచ్చింది. పళ్లు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. బోసినోటితో పంపనంది. నోరు తెరిచి పెట్టబోయింది. అవి చిగుళ్ల మీద కూర్చోలేదు. ఇంకోసారి పెట్టి చూసింది.

"పానం పోయినంక దవడ గుంజుకుంటదమ్మా," అన్నాను.

"నువ్వు గూడ మీ బాపు లెక్కనే చెప్తున్నవు." నా వైపు చూడకుండానే అంది. "ఆ బోనాల నాడే చూసిన. గ్లాసుల నుంచి తీస్తుంటెనే వంకర అనిపించింది. చెప్తే బంతిల కూసోడని చెప్పలే. తిన్నంక చెప్దామనుకున్న. నవ్వుకుంట తినవట్టె. ఇగ నోరు రాలే."

బయట బంధువులు తొందరపెడుతున్నారు. అమ్మ పళ్లను మళ్లీ గ్లాసులో వేసింది. కొంగు కొస చన్నీళ్లలో ముంచి వేలికి చుట్టుకుంది. బాపు చిగుళ్లు తుడిచింది, ముందు కుడివైపు, తర్వాత ఎడమవైపు. పుండు ఉన్నచోట ఆమె వేలు తనంతట తానే మెత్తబడింది.